గుడ్డే అచ్చు: ఓ పల్చటి సిమెంటు పెంకు ప్రాజెక్టు డైరీ

సంక్రాంతి తర్వాత

మా ఇంటి వెనక ఖాళీ జాగాలో పిల్లలు కూర్చుని చదువుకోడానికి ఓ నీడ కావాలి. రేకుల షెడ్డు వేయించడం తేలిక. కానీ మాది చీరాల దగ్గర ఊరు. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఆ రాత్రి రేకులు ఎగిరే చప్పుడు విన్నవాళ్లెవరూ పిల్లల నెత్తిన మళ్లీ రేకులు పెట్టరు.

నాకు ఎన్నాళ్లుగానో చేసి చూడాలని ఉన్న పని ఒకటుంది. 3 మీటర్ల చదరంలో, 3 సెంటీమీటర్ల మందంతో, వంపు తిరిగిన సిమెంటు పెంకు. పెంకు అంటే పెంకుటింటి మీద పరిచేది కాదు, గుడ్డు పెంకులా మొత్తం ఒకటే పల్చటి కప్పు. దూలాలు ఉండవు, మధ్యలో స్తంభం ఉండదు. దాన్ని పోయడానికి కింద చెక్క అచ్చు కూడా వాడకూడదు. గుడ్డే అచ్చు కావాలి. నాకు అన్నిటికంటే ముఖ్యమైన షరతు ఈ చివరిదే.

తాపీ మేస్త్రి గారికి చెప్తే ఆయన ముందు దాని గురించే మాట్లాడారు. "వంపు పోయడం పెద్ద పని కాదమ్మా. దాని కింద సెంట్రింగు ఎవరు కడతారు? వడ్రంగి కూలి, చెక్క కలిపితే మీ సిమెంటు ఖర్చు దాని ముందు ఎంత?"

పల్చటి కాంక్రీటు పెంకుల చరిత్ర దాదాపు అంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది. ఫెలిక్స్ కాండేలా స్పెయిన్ అంతర్యుద్ధం తర్వాత 1939లో మెక్సికో చేరిన ఆర్కిటెక్టు. 1951లో మెక్సికో నగరంలోని విశ్వవిద్యాలయంలో కాస్మిక్ కిరణాల పరిశోధనకి చిన్న భవనం కట్టాడు. కిరణాలు లోపలికి రావాలంటే కప్పు బాగా పల్చగా ఉండాలి, అందుకని నడినెత్తిన మందం 15 మిల్లీమీటర్లే ఉంచాడు. 1958లో షోచిమిల్కోలో కట్టిన రెస్టారెంటు కప్పు 4 సెంటీమీటర్లు. ఆయనే డిజైనరు, ఆయనే కాంట్రాక్టరు. అంత తక్కువ కాంక్రీటుతో అంత దూరం కప్పగలిగిన మనిషికి కూడా తర్వాత్తర్వాత పని తగ్గిపోయింది. మెక్సికోలో కూలి రేట్లు పెరిగాయి, చెక్క అచ్చు కట్టే శ్రమ గిట్టుబాటు కాలేదు. సిమెంటులో మిగిల్చింది సెంట్రింగు తినేసింది.

కాబట్టి రేపటి డిజైను అంటే నాకు కంప్యూటర్ తెర మీద మెరిసే వంకర టవర్లు గుర్తుకు రావు. అచ్చు సంగతి తేల్చడానికి చేతులు పెట్టి పనిచేస్తున్న మనుషులు గుర్తొస్తారు. ఈ డైరీలో నేను చేసేదల్లా వాళ్ల ప్రయోగాలు ఒక్కొక్కటీ మా పెరట్లో చేసి చూడడమే.

గొలుసులతో

హార్డ్‌వేర్ షాపులో దొరికే సన్న గొలుసు కొన్నాను. ప్లైవుడ్ పలకకి నాలుగు మూలలా మేకులు కొట్టి, పలకని దూలానికి బోర్లించి కట్టి, గొలుసుల్ని వలలా అల్లి వేలాడదీశాను. వేలాడే గొలుసులో లాగుడు బలం ఒక్కటే ఉంటుంది. అదే ఆకారాన్ని గట్టి పదార్థంతో చేసి తలకిందులు చేస్తే నొక్కుడు బలం ఒక్కటే మిగులుతుంది. రాయి, ఇటుక, సిమెంటు నొక్కుడుని బాగా ఓర్చుకుంటాయి, లాగితే పగులుతాయి. అందుకే ఈ కిటుకు పనిచేస్తుంది. ఇంగ్లండులో శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ 1675లోనే ఈ సంగతి కనిపెట్టి, దాన్ని అక్షరాలు చెల్లాచెదురు చేసిన పజిల్‌గా అచ్చేశాడు.

బార్సిలోనా దగ్గర కొలోనియా గ్వెల్ చర్చి కోసం ఆర్కిటెక్టు అంతోనీ గౌడీ చేసింది ఇదే పని, కాకపోతే ఊహకి అందనంత పెద్దగా. దారాలకి సీసపు గుళ్ల సంచులు కట్టి, ఏ కమాను మీద ఎంత బరువు పడుతుందో లెక్క ప్రకారం వేలాడదీసి, ఏళ్ల తరబడి సరిచేస్తూ పోయాడు. ఫొటోలు తీసి తిరగేసి, వాటి మీదే భవనం గీసుకున్నాడు. 1908లో కట్టడం మొదలై 1914లో ఆగిపోయింది. కింది గది ఒక్కటే పూర్తయింది. అయినా ఆ దారాల మోడల్ నుంచి వచ్చిన ఆలోచన ఆగలేదు.

నాకు ఫోన్ ఉంది. ఫొటో తీసి స్క్రీన్ తిప్పితే చాలు, కప్పు కనిపిస్తుంది. ఒక మూల గొలుసు రెండు కొలుకులు వదులు చేస్తే మొత్తం వల సర్దుకుంటుంది, ఆ మూల ఎత్తు మారుతుంది. ఇక్కడ మనం ఆకారం గీయడం లేదు. మూలలు ఎక్కడుండాలి, గొలుసు ఎంత పొడుగు అన్నది చెప్తున్నాం, మిగతాది బరువే తేలుస్తోంది. పక్కింటి ఆరో తరగతి పిల్ల కూడా కాసేపట్లో దీన్ని పట్టేసి, నాకంటే మంచి కప్పు ఒకటి వేలాడదీసింది. ఆమె ఫొటో దాచిపెట్టాను.

తడి గుడ్డతో

గొలుసు గీతల్ని ఇస్తుంది, పెంకుని ఇవ్వదు. పెంకు కావాలంటే గుడ్డ. స్విట్జర్లండ్ ఇంజినీరు హైన్జ్ ఇస్లర్ శీతాకాలంలో తన తోటలో తడి గుడ్డలు వేలాడదీసేవాడు. రాత్రి చలికి అవి గడ్డకట్టేవి. వాటిని తిరగేసి నిలబెట్టి చూసేవాడు. 1959లో మాడ్రిడ్‌లో పెంకు కట్టడాల సదస్సులో, ఇలాంటి పద్ధతులతో వచ్చే 39 ఆకారాలు ఒక్క పేజీలో గీసి చూపించాడు. పెద్దపెద్ద ఇంజినీర్లు కూర్చున్న సభ అది. 1968లో డైటింగెన్ దగ్గర హైవే పక్కన ఆయన కట్టిన పెట్రోలు బంకు పెంకులు మూడేసి చోట్ల నేలని తాకుతూ, సుమారు 31 మీటర్ల మేర సాగి, 9 సెంటీమీటర్ల మందంతో ఇప్పటికీ నిలబడి ఉన్నాయి.

మనకి గడ్డకట్టే చలి లేదు, పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) ఉంది. పాత పంచె ముక్కని పీఓపీ పాలలో ముంచి నాలుగు మూలలా క్లిప్పులు పెట్టి వేలాడదీశాను. కాసేపట్లో గట్టిపడింది. తిరగేస్తే అరచేతిలో పట్టే కప్పు. పైన పుస్తకాలు పెడుతూ పోతే మోస్తూనే ఉంది. గుడ్డ అంచులు వాటంతట అవే పైకి ముడుచుకున్న చోట పెంకు ఇంకా గట్టిగా ఉంది. ఇస్లర్ తన పెంకుల అంచుల్ని దూలాలు లేకుండా ఎలా వదలగలిగాడో ఇది చేతిలో పట్టుకున్నాక బాగా అర్థమైంది.

ఏ గుడ్డ?

ఫిబ్రవరి మొదట్లో మూడు చెక్క చట్రాలు చేయించి మూడు రకాల గుడ్డ బిగించాం: చీరాల మార్కెట్లో కొన్న కోరా నూలు గుడ్డ, గోనె, యూరియా సంచి ప్లాస్టిక్ నేత. మూడింటి మీదా ఒకే సిమెంటు పాలు, ఒకే బ్రష్షు.

యూరియా సంచి మీద పూత ఆరాక పెచ్చుగా ఊడొచ్చింది. ఆ నేతలో సిమెంటుకి పట్టు దొరకదు. గుడ్డని తర్వాత పీకేయాలనుకునే వాళ్లకి అది మంచి గుణమే. నూలు గుడ్డ తడవగానే బిగుసుకుంది. అది నచ్చింది. ఉపరితలం నున్నగా, నేత గీతలు అచ్చుపడి అందంగా వచ్చింది. గోనె మాత్రం సిమెంటు పాలు తాగేసింది. కన్నాల్లోంచి అవతలికి దిగి రెండు వైపులా పట్టుకుంది. మర్నాడు తడితే టంగుమంది.

గోనెతో ఈ పని చేసిన ముందువాడు ఒకడున్నాడు, ఐర్లండు ఇంజినీరు జేమ్స్ వాలర్. ఇరాక్‌లోని ప్రాచీన టెసిఫోన్ కమాను పేరు పెట్టుకుని, 1940లలో ఒక కట్టే పద్ధతి నడిపాడు. వరసగా కమాన్లు నిలబెట్టి, వాటి మీద గోనెగుడ్డ పరిచి, పైన సిమెంటు పూత వేసేవారు. కమానుకి కమానుకి మధ్య గోనె కొంచెం జారుతుంది, ఆ జారుడే పెంకుకి ముడతల బలం ఇస్తుంది. యుద్ధకాలంలో ఇనుము, చెక్క దొరకని రోజుల్లో గోదాములు ఇలా కట్టారు. ఇంత సులువైన పద్ధతి మన కాలేజీ పాఠాల్లో కనిపించకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

నున్నటి వైపు ఇష్టపడ్డవాళ్లూ ఉన్నారు. స్పెయిన్‌లో ఆర్కిటెక్టు మిగెల్ ఫిసాక్ 1970 ప్రాంతం నుంచి పల్చటి ప్లాస్టిక్ షీట్లలో కాంక్రీటు పోసి, దిండులా ఉబ్బిన గోడలు చేశాడు. కెనడాలో మార్క్ వెస్ట్ మానిటోబా విశ్వవిద్యాలయంలో ఓ ప్రయోగశాల పెట్టి, గుడ్డలో స్తంభాలు, దూలాలు పోశాడు. వెస్ట్ పనిలో కళాకారుడు ఎక్కడ ఆగి ఇంజినీరు ఎక్కడ మొదలవుతాడో చెప్పలేం. గుడ్డ ఎక్కడ ఉబ్బుతుందో చూసి, అక్కడ కాంక్రీటు అవసరమా కాదా అని అడుగుతాడు.

మా నిర్ణయం: అడుగున నూలు, పైన గోనె. పిల్లలు కింద కూర్చుని పైకి చూస్తే నేత గీతలు కనిపించాలి.

చిన్న పెంకు

ఇస్లర్ పద్ధతిలోనే 1.2 మీటర్ల పెంకు ఒకటి చేశాం. ఇనుప చట్రానికి గుడ్డ వేలాడదీసి, సిమెంటు పాలు, ఆరాక చికెన్ మెష్, దాని మీద ఒక పాలు సిమెంటుకి రెండు పాళ్లు ఇసుక కలిపిన మాలు. మందం 12 మిల్లీమీటర్లు ఉంచాలని మేస్త్రి గారు ఒక మేకుకి గుర్తు పెట్టుకుని గుచ్చి గుచ్చి చూశారు. బాగా తడిపి, గట్టిపడ్డాక నలుగురం కలిసి తిరగేశాం. సుమారు 45 కిలోలుంటుంది.

దీని మీద కావాలనే ఒక పరీక్ష పెట్టాం. మొదట కాళ్లకి ఏ కట్టూ లేకుండా సిమెంటు గచ్చు మీద నిలబెట్టి ఇసుక సంచులు ఎక్కించాం. రెండో సంచికే కాళ్లు బయటికి జారాయి, నడినెత్తిన వెంట్రుకంత పగులు కనిపించింది. తర్వాత కాళ్లన్నిటినీ చుట్టూ బైండింగ్ వైరుతో బిగించి మళ్లీ ఎక్కించాం. ఆ పగిలిన పెంకే 25 కిలోల సంచులు నాలుగు మోసింది.

కమాను బరువు కిందికే కాదు, పక్కకీ తోస్తుంది. ఆ తోపుని పట్టుకునేది ఏదో ఒకటి ఉండాలి. 2016లో వెనిస్ బియెన్నాలే అనే ఆర్కిటెక్చర్ ప్రదర్శనలో, జూరిక్ ఈటీహెచ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫిలిప్ బ్లాక్ బృందం నిలబెట్టిన ఆర్మడిల్లో వాల్ట్ అనే రాతి కప్పు దీనికి గొప్ప ఉదాహరణ. 399 సున్నపురాయి ముక్కలు, మధ్యలో మాలు లేదు, జిగురు లేదు. 16 మీటర్ల మేర సాగి, కొన్నిచోట్ల 5 సెంటీమీటర్ల మందమే. అది నిలబడ్డ చోటు శతాబ్దాల నాటి కట్టడం, దాని నేలలోకి ఏదీ దించకూడదు. అందుకే కాళ్ల మధ్య ఉక్కు కడ్డీలు బిగించి తోపుని అక్కడికక్కడే కట్టేశారు. ఆ ముక్కల్ని చెక్కి ముందుగా అమర్చి చూసింది టెక్సస్‌లోని రాతి పనివాళ్లు. ఫొటోల్లో అందరూ రాళ్లనే చూస్తారు, నేను ఆ కడ్డీల్ని చూస్తాను.

మాది ఇసుక నేల. పునాదిని నమ్ముకుని వదిలేస్తే జారుతుంది. కాబట్టి కడ్డీ తప్పదు.

మంచం

ఇక్కడ దారి మారింది. 3 మీటర్ల పెంకు 7 క్వింటాళ్ల పైమాటే. దాన్ని తిరగేయాలంటే క్రేన్ కావాలి, మా సందులోకి క్రేన్ రాదు. తిరగేయకుండా పోయాలంటే గుడ్డ వేలాడకూడదు, బిగుతుగా సాగి ఉండాలి. అన్ని వైపులా లాగి బిగిస్తే గుడ్డకి ఉన్నదల్లా జీను వంపు: ఒక దిక్కు కమాను, అడ్డంగా ఉయ్యాల.

ఆర్కిటెక్టు ఫ్రై ఒట్టో జర్మనీలో సబ్బు పొరలతో వెతికింది ఈ కుటుంబాన్నే. తీగ చట్రాన్ని సబ్బునీళ్లలో ముంచి తీస్తే ఏర్పడే పొర, ఆ అంచుల మధ్య అతి తక్కువ వైశాల్యంతో సాగుతుంది. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ కప్పుల వెనక ఆయన అనుభవం ఉంది. పిల్లలతో ఈ ఆట ఓ సాయంత్రం ఆడించాను. పెద్దగా రాయడానికి లేదు, అందరూ తడిసిపోయారు.

కాండేలా వాడిందీ జీను వంపే. దాని సుగుణం ఏమిటంటే, ఒంపులు తిరిగిన ఆ ఉపరితలం మీద వంకర లేని తిన్నటి గీతలు గీయొచ్చు. అందుకే ఆయన వంగని చెక్క పలకలతోనే వంపు అచ్చు కట్టగలిగాడు.

ఇది కాగితం మీద గీసి చెప్తుంటే మేస్త్రి గారు ఆపి, షెడ్డులోంచి పాత నవారు మంచం చట్రం తెచ్చారు. కోళ్లు వదులైపోయి మెలి తిరిగిన మంచం. రెండు ఎదురెదురు మూలలు పైకి లేపి ఇటుకల మీద పెట్టి, పట్టెకి పట్టెకి పురికొస తాళ్లు వరసగా లాగి కట్టారు, తర్వాత అడ్డంగా. ప్రతి తాడూ తిన్నగానే ఉంది. మొత్తం చూస్తే జీను. "ఇంతేనామ్మా మీరు చెప్పేది?" అన్నారు. ఇంతే. నా డ్రాయింగులు పక్కన పెట్టేశాను. ఆ రోజు నుంచి మా ఇద్దరి మధ్య ఈ ప్రాజెక్టు పేరు మంచం.

దీనికి రెండే కింది మూలలు నేలకి ఆనుతాయి, వాన నీళ్లు కూడా అక్కడికే దిగుతాయి. మిగతా రెండు మూలలు 2.6 మీటర్ల ఎత్తులో. గాలికి పక్కకి ఒరగకుండా ఆ రెండు మూలలకీ సన్న పైపు కాళ్లు నేలలోకి దించాలి. ఇవి మోసేది తక్కువ, లాగి పట్టుకునేదే ఎక్కువ. తుఫాను గాలి కింద దూరి పైకి ఎత్తేది అక్కడే.

కుట్టు పని

శివరాత్రి లోపు చట్రం లేచింది. అంచులకి 50 మిల్లీమీటర్ల జీఐ పైపులు, అవి పెంకులోనే ఉండిపోతాయి. కింది మూలల మధ్య నేలలో 12 మిల్లీమీటర్ల కడ్డీ, తుప్పు పట్టకుండా పూత వేసి, సిమెంటులో పూడ్చి. తాళ్లుగా ముందు నైలాన్ నవారు వేసి, ఇసుక సంచి వేలాడదీసి రాత్రంతా ఉంచాం. పొద్దున్నకి సాగింది. అది ఒద్దని జీఐ తీగ తెచ్చి, ప్రతి తీగకీ చివర టర్న్‌బకిల్ (తిప్పితే తీగని బిగించే, వదులు చేసే మర) పెట్టాం.

గుడ్డని ఈ తీగల వలకి ఎలా పట్టించాలన్నది అసలు చిక్కు. దానికి జవాబు 2018లో మెక్సికో నగరంలోనే దొరికింది. బ్లాక్ బృందం, జాహా హదీద్ ఆర్కిటెక్ట్స్ అనే డిజైను సంస్థ కలిసి కాండేలాకి నివాళిగా అక్కడి సమకాలీన కళా మ్యూజియంలో నిట్‌కాండేలా అనే పెంకు కట్టారు. మరియానా పోపెస్కు తన పరిశోధనలో అభివృద్ధి చేసిన అల్లిక పద్ధతి అది. స్వెట్టర్లు అల్లే లాంటి పారిశ్రామిక యంత్రం మీద 36 గంటల్లో నాలుగు పొడుగాటి గుడ్డ పట్టీలు అల్లారు. తీగలు దూర్చే గొట్టాలు, గాలి బుడగలు పెట్టే జేబులు అల్లికలోనే ఉన్నాయి. 25 కిలోల గుడ్డని సూట్‌కేసుల్లో పెట్టుకుని విమానంలో తీసుకెళ్లారు. దాని మీద నిలబడ్డ కాంక్రీటు 5 టన్నుల పైనే. కాండేలాని ఓడించిన సెంట్రింగు ఆయన ఊళ్లోనే సూట్‌కేసులో పట్టేసిందంటే, నాకు ఈ మధ్యకాలపు డిజైనులో ఇంతకంటే పెద్ద వార్త లేదు.

మా దగ్గర ఆ యంత్రం లేదు, టైలర్ అన్నయ్య ఉన్నాడు. తీగ దూరే గొట్టం కావాలి అనగానే, "లంగాకి బొందు ఎక్కించే మడతేగా, ఎన్ని కావాలి?" అన్నాడు. నూలు గుడ్డ మీద 20 సెంటీమీటర్లకి ఒక మడత చొప్పున కుట్టాడు. అడ్డ తీగలు మాత్రం గుడ్డ కింద నుంచే పోనిచ్చాం, లేకపోతే రెండు మడతలు కలిసే చోట తీగ ఇరుక్కుంటోంది. ఆ సలహా కూడా అతనిదే. నేను పంపిన కొలతల కాగితం మీద అతను ఎర్ర సుద్దతో దిద్దిన గీతలే ఇప్పుడు మా అసలు డ్రాయింగు.

పూత

ఉగాది ముందు, ఎండ ముదరకుండానే పోయాలని తొందరపడ్డాం. ఉదయం ఆరింటికి మొదలు.

మొదటి పూత సిమెంటు పాలు మాత్రమే, బ్రష్షుతో, రెండు మూడు మిల్లీమీటర్లు. గుడ్డ మోయాల్సింది ఈ బరువు ఒక్కటే. అది గట్టిపడ్డాక పెంకే తన మీద పడే తర్వాతి పూతకి అచ్చు అవుతుంది. నిట్‌కాండేలాలోనూ ఇదే క్రమం. ముందు పల్చటి సిమెంటు పూత, తర్వాత కాంక్రీటు. ఒకేసారి మొత్తం మందం వేస్తే గుడ్డ పొట్టలా దిగిపోతుంది.

రెండో పూతకి గోనె, మూడోదానికి రెండు వరసల చికెన్ మెష్, అంచుల వెంట 8 మిల్లీమీటర్ల చువ్వ. బలాలన్నీ అంచుల వెంటే కింది మూలలకి పారతాయి కాబట్టి అక్కడ మందం 8 సెంటీమీటర్లకి పెంచాం. మేస్త్రి గారు పూత ఎప్పుడూ కింది మూలల దగ్గర మొదలుపెట్టి రెండు వైపులా సమంగా పైకి వచ్చారు. ఒకవైపే బరువు పడితే తీగలు పక్కకి లాగుతాయని ఆయనకి ఎవరూ చెప్పలేదు. చేత్తో తీగ మీటి, శబ్దం విని పట్టుకున్నారు. శబ్దం మొద్దుబారిన చోట టర్న్‌బకిల్ అర చుట్టు తిప్పించారు.

తర్వాత అంతా నీళ్లే. వాలు మీద నీళ్లు నిలవవు, కాబట్టి పైనంతా తడి గోనెలు పరిచి, వాటి మీద డ్రిప్ పైపు వేసి వదిలాం. ఇంత పల్చటి పెంకు ఒక్క మధ్యాహ్నం ఎండకి ఎండితే సన్న పగుళ్లు వచ్చేస్తాయి. నాకు ఈ ప్రాజెక్టు మొత్తంలో టెన్షన్ పెట్టింది ఆ మధ్యాహ్నాలే. వీధిలో పిల్లలు వంతులు వేసుకుని గోనెలు చూసి, ఆరిన చోటు కేకేసి చెప్పారు.

తీగలు వదిలాక

నీళ్ల ట్యూబుతో పై మూలల ఎత్తు గుర్తు పెట్టుకుని, టర్న్‌బకిళ్లు ఎదురెదురుగా కొద్దికొద్దిగా వదులు చేశాం. పెంకు నడిమి 4 మిల్లీమీటర్లు దిగి ఆగింది. పై మూలలు 6 మిల్లీమీటర్లు దిగాయి. మర్నాడు, వారం తర్వాత కూడా అదే కొలత. ఒక పై మూల దగ్గర అంచు వెంట బెత్తెడు పొడుగు సన్న పగులు ఉంది. దాని రెండు కొసలా పెన్సిల్‌తో గీత, తేదీ వేశాను. ఇప్పటిదాకా ఆ గీత దాటలేదు.

కిందనుంచి చూస్తే నూలు నేత మొత్తం కనిపిస్తోంది, టైలర్ అన్నయ్య కుట్లతో సహా. మధ్యాహ్నం పూట సిమెంటు వేడి దిగుతోంది, రేకుల కింద అంత కాదు కానీ దిగుతోంది. పైన సున్నం కొట్టి చూడాలి. మాటలు నడిమధ్యలో కొంచెం మారుమోగుతున్నాయి. పిల్లలకి అదే నచ్చింది.

మిగిలిన సందేహం తీగల వల గురించి. మేం ఈసారి తీగల్ని పెంకులోనే వదిలేశాం. జూరిక్ దగ్గర డ్యూబెన్‌డార్ఫ్‌లో 2021లో తెరిచిన హైలో భవనం కప్పుని కూడా తీగల వల, గుడ్డ మీదే పోశారు, అక్కడ వల విప్పి మళ్లీ వాడుకునేలా ఆలోచించారు. మా దగ్గర మడతలు గుడ్డ అడుగు వైపు కుట్టి, తీగకి గ్రీజు రాస్తే బయటికి లాగొచ్చని టైలర్ అన్నయ్య అంటున్నాడు. మేస్త్రి గారు ఒప్పుకోవడం లేదు, గ్రీజు నూలుకి పాకితే సిమెంటు పట్టదని ఆయన వాదన. వచ్చే వారం ఒక చిన్న చట్రం మీద సగం తీగలకి గ్రీజు, సగానికి మైనం రాసి చూస్తాం. వల బయటికొస్తే, అదే వల మీద దసరా లోపు రెండో మంచం, మొదటిదాని పక్కనే, పై మూలలు రెండూ కలిసేలా.